మనుబోతులు, జింకలు – తుపాకికి తగిన తూటా



పత్తి రెండాకుల మీద ఉన్నప్పుడు, సెనగ చేను జానెడెత్తు లేచినప్పుడు, రాత్రికి రాత్రి ఒక మంద వచ్చి దిగిందంటే తెల్లవారేసరికి సాళ్ళ గుర్తు కూడా మిగలదు. విత్తనం కొన్న అప్పు మిగులుతుంది, మళ్ళీ విత్తుదామంటే అదను దాటిపోతుంది. ఇంత కష్టం కళ్ళారా చూచిన రైతు కోపంతో ఒక ప్రశ్న అడుగుతాడు. మా విస్తరణ సిబ్బంది ఏ ఊరు వెళ్ళినా ఈ ప్రశ్న వినబడుతూనే ఉంటుంది. "అయ్యా, ఇన్ని మందులు చెప్తారు గదా, జింకకు ఏ తూటా వేయాలో కూడా చెప్పరాదూ?" అని.

ఈ వేళ ఆ సంగతే చెప్పదలచుకొన్నాను. అయితే పురుగు పేరు తెలియకుండా మందు పేరు చెప్పకూడదు గదా. తూటా సంగతీ అంతే. వచ్చిన జంతువు ఏది? దానిని కొట్టడానికి అనుమతి ఉన్నదా? తుపాకి ఏది, గుండు తగలకపోతే ఎక్కడికి పోతుంది? ఈ మూడింటికి జవాబు దొరికిన తరువాతనే తూటా మాట.

మొదట జంతువు సంగతి. మనవాళ్ళు కొమ్ములుండి పరుగెత్తే ప్రతి దానినీ జింక అనేస్తారు. కాని వీటిలో రెండు జాతులున్నవి. చుక్కల దుప్పి, కణుజు మొదటి జాతివి. వీటిలో మగవాటికే కొమ్ములుంటవి. ఆ కొమ్ములు చెట్టుకొమ్మల లాగా చీలి ఉంటవి, రాలిపోయి మళ్ళీ మొలుస్తవి. కృష్ణజింక, చింకారా, మనుబోతు రెండవ జాతివి. వీటి కొమ్ములు చీలవు, రాలవు. కృష్ణజింక మగదానిని మన పెద్దలు ఇర్రి అన్నారు. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు మెలి తిరిగి ఉంటవి. ఆడది, పిల్ల గోధుమ రంగులో ఉంటవి. మనుబోతును ఉత్తరాదివారు నీల్‌గాయ్ అంటారు. పేరులో గాయ్ అని ఉన్నా అది ఆవు కాదు. మగది బూడిద నీలం రంగులో గుర్రమంత ఎత్తు ఉంటుంది. కొమ్ములు మాత్రం జానెడుకు మించవు.

బరువులో ఎంత తేడా ఉన్నదో చూడండి. ఎదిగిన కృష్ణజింక సుమారు 35 కిలోలు, అంటే ఒక పెద్ద మేకపోతంత. చుక్కల దుప్పి మగది 70 నుంచి 90 కిలోల దాకా తూగుతుంది. మనుబోతు మగది 200 కిలోలు దాటుతుంది. మేకపోతుకూ, కోడెదూడకూ ఒకే మోతాదు మందు పట్టించము గదా. తూటాకు కూడా ఇదే సూత్రమని ముందు ముందు మనవి చేస్తాను.

ఇక అనుమతి. ఇది వినడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో వేడుక కోసమో, మాంసం కోసమో జింకను కొట్టడం నేరం. ఆ చట్టాన్ని 2022లో సవరించారు. సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. దాని ప్రకారం కృష్ణజింక, చింకారా మొదటి షెడ్యూలులో ఉన్నవి. మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికే ముప్పు తెచ్చినప్పుడు, లేదా బ్రతికే ఆశ లేనంతగా దెబ్బతిని, రోగపడి ఉన్నప్పుడు మాత్రమే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి దానిని చంపడానికి ఉత్తరువు ఇవ్వగలడు. పంట తిన్నదన్న కారణం అక్కడ చెల్లదు. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ వరకు జైలు. జరిమానా వేరు.

"పెద్దవాళ్ళకు ఈ చట్టాలు వర్తిస్తాయా?" అంటారేమో. 1998లో రాజస్థానంలోని జోధ్‌పూరు దగ్గర కృష్ణజింకలను వేటాడిన కేసులో దేశమంతా తెలిసిన ఒక సినిమా నటునికి 2018లో అక్కడి న్యాయస్థానం ఐదేళ్ళ శిక్ష వేసింది. దానిపై ఆయన అప్పీలు చేసుకొన్నాడు. అంతటివాడే ఇరవై ఏండ్లు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చినప్పుడు, రెండెకరాల రైతు గతి ఏమిటో ఆలోచించండి. వకీలు ఫీజుకే ఆ రెండెకరాలూ చాలవు.

మనుబోతు, చుక్కల దుప్పి, అడవి పంది రెండవ షెడ్యూలులో ఉన్నవి. వీటి విషయంలో చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. 11వ సెక్షనులో "పొలంలో ఉన్న పంటతో సహా ఆస్తికి ముప్పు" అన్న మాట స్పష్టంగా ఉన్నది. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని సంగతి విచారించి, కారణాలు రాసి, ఫలానా చోట ఫలానా జంతువును కొట్టవచ్చునని లిఖితపూర్వకంగా ఉత్తరువు ఇవ్వవచ్చును. నోటిమాట చెల్లదు. సర్పంచి గారు సరేనన్నారు, బీటు గార్డు చూసీ చూడనట్టు ఊరుకొన్నాడు అనే మాటలు కోర్టులో నిలబడవు.

ఈ వెసులుబాటు కాక, 62వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం ఒక జంతువును ఒక ప్రాంతంలో, కొంత కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చు. 2015 డిసెంబరులో బీహారులోని కొన్ని జిల్లాలలో మనుబోతును, అడవి పందిని ఇలా ప్రకటించారు. 2016 జూనులో అక్కడి మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చారు. ఆ పనికి మన హైదరాబాదు నుంచి తుపాకీదార్లు వెళ్ళారు. ఆ సంగతి మీద కేంద్ర మంత్రులే బహిరంగంగా వాదులాడుకొన్నారు. ప్రభుత్వ ఉత్తరువు ఉన్నచోటనే ఇంత చర్చ జరిగినప్పుడు, ఉత్తరువు లేనిచోట మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పనక్కరలేదు.

సరే, ఉత్తరువు వచ్చిందనుకొందాము. మనుబోతుల మంద ఒకటి ఊరి పొలాల మీద పడుతున్నది, లైసెన్సు గల తుపాకీదారును అటవీ శాఖవారు పంపుతున్నారు. లేదా మీ ఊళ్ళోనే లైసెన్సుదారు ఉంటే, అతని పేరే ఉత్తరువులో ఉన్నది. ఇప్పుడు తూటా సంగతి.

తూటాలో నాలుగు భాగాలుంటవి. ఇత్తడి తొడుగు, అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. జంతువుకు తగిలేది గుండు ఒక్కటే. దాని బరువును గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిను అంటే గింజ. మన కంసాలి గురిగింజతో బంగారం తూచినట్లే, ఇంగ్లీషువాళ్ళు ధాన్యపు గింజతో తూచేవాళ్ళు. ఆ మాట అలాగే నిలిచిపోయింది. ఒక గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు.

మన పల్లెలలో ఎక్కువగా ఉండేది పన్నెండు బోరు తుపాకి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత వెడల్పు గొట్టం అన్నమాట. అందుకే బోరు సంఖ్య పెరిగిన కొద్దీ గొట్టం సన్నబడుతుంది. పన్నెండు బోరు కంటే ఇరవై బోరు చిన్నది. ఈ తుపాకికి గొట్టం లోపల గాళ్ళుండవు, నున్నగా ఉంటుంది. పిట్టల తూటాలో చిన్న చిన్న గుండ్లు వందలకొద్దీ ఉంటవి. అవి మనుబోతు చర్మంలో దిగబడతవి గాని ప్రాణం తీయవు. ఆ గాయం చీము పట్టి, పురుగు పట్టి, నాలుగు దినాలకో పది దినాలకో అది ఏ వాగులోనో పడి చస్తుంది. అంతవరకు మీ పంట తింటూనే ఉంటుంది. దానివల్ల ఎవరికీ లాభం లేదు, పాపం మాత్రం ఉన్నది.

ఎల్.జి., ఎస్.జి. అనే తూటాలలో పెద్ద గుండ్లుంటవి. ఎల్.జి. గుండు సుమారు 9 మిల్లీమీటర్లు. అయితే అవి తుపాకి మూతి దాటగానే విడిపోతవి. ముప్పై గజాల లోపల నాలుగైదు గుండ్లు ఒకచోట తగలవచ్చు. యాభై గజాలకు పోతే ఒకటో రెండో తగులుతవి, అవీ ఎక్కడ తగులుతవో చెప్పలేము. ఒక్కటే గుండు గల తూటాను స్లగ్గు అంటారు. దానికి బలమున్నది గాని, నున్నని గొట్టం నుంచి దూరానికి గురి నిలవదు. కాబట్టి దూరాన నిలబడే మనుబోతుకు పన్నెండు బోరు తగిన ఆయుధం కాదని చెప్పాలి. మూతి నుంచి మందు కూరే నాటు తుపాకీ సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక రైఫిలు. దీని గొట్టంలోపల మరచుట్ల వంటి గాళ్ళుంటవి. గుండు ఆ గాళ్ళను పట్టుకొని బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే బొంగరం ఒరగకుండా నిలిచినట్లే, తిరిగే గుండు దారి తప్పకుండా పోతుంది.

చాలామంది దగ్గర పాయింటు 22 రైఫిలు ఉంటుంది. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ. దాని గుండు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములు. అది గురి నేర్చుకొనడానికి, కుందేలంత జంతువుకు ఏర్పడినది. దానితో జింక జాతిని కొట్టడం పనికిరాదు. చెంబెడు నీళ్ళతో ఎకరం తడపబోయినట్లు ఉంటుంది.

పాయింటు 315 మన దేశంలో తయారయ్యే రైఫిలు. పశ్చిమ బెంగాలులోని ఇషాపూరు ఫ్యాక్టరీ దీనికి పేరుపొందింది. సైన్యానికి ప్రత్యేకించిన బోర్లు సాధారణ పౌరునికి లైసెన్సు మీద ఇవ్వరు కాబట్టి, వేరే బోరుగా ఇది వాడుకలోకి వచ్చింది. దీని గుండు 244 గ్రెయిన్లు, సుమారు 16 గ్రాములు. మూతి దగ్గర వేగం సెకనుకు సుమారు 600 మీటర్లు. లెక్క వేసి చూస్తే పాయింటు 22 గుండుకున్న బలానికి ఇది దాదాపు ఇరవై రెట్లు. మనుబోతుకు, అడవి పందికి ఇది సరిపోతుంది. అయితే గుండు మొద్దుగా, బరువుగా ఉండటం వల్ల దూరం పోయేకొద్దీ వంగి దిగుతుంది. గొట్టం గీతతో పోల్చితే 200 మీటర్ల దగ్గర రెండడుగులకు పైగా కిందికి జారుతుంది. అందుకని నూరు మీటర్లకు అటూ ఇటూగా వాడితేనే మేలు.

పాయింటు 30-06 అనేది ఇంకొకటి. అందులో 06 అంటే 1906వ సంవత్సరం. ఆ ఏట అమెరికా సైన్యం దానిని స్వీకరించింది. దానిలో 150 గ్రెయిన్ల గుండూ దొరుకుతుంది, 180 గ్రెయిన్ల గుండూ దొరుకుతుంది. వేగం ఎక్కువ కాబట్టి గుండు తక్కువగా వంగుతుంది. 180 గ్రెయిన్ల గుండు మనుబోతుకు సరిపోతుంది, 150 గ్రెయిన్లది దుప్పి బరువు జంతువుకు సరిపోతుంది.

బోరు కన్నా ముఖ్యమైనది గుండు తయారీ. కొన్ని గుండ్లకు మొన వరకూ రాగి తొడుగు ఉంటుంది. ఇవి సైన్యపు పద్ధతివి. జంతువులో సన్నని రంధ్రం చేసి అవతలికి దూసుకుపోతవి. కొట్టిన జంతువు మైళ్ళు పరుగెత్తి పోతుంది, గుండు దాని వెనుకనున్న మరొక జంతువుకో, మనిషికో తగులుతుంది. రెండవ రకంలో మొన దగ్గర సీసం బయటికి కనబడుతుంది. దీనిని మెత్తని మొన గుండు అంటారు. లోపలికి పోగానే ఇది పుట్టగొడుగులా విచ్చుకొంటుంది. బలమంతా లోపలే ఖర్చయి, జంతువు అక్కడికక్కడ పడిపోతుంది.

ఈ విచ్చుకొనే గుండుకు మన దేశంతో సంబంధం ఉన్నది. 1890ల నాడు కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో ఇంగ్లీషు సైన్యం కోసం ఇలాంటివి చేశారు. అందుకే వాటికి డమ్‌డమ్ గుండ్లని పేరు వచ్చింది. మనుషుల మీద వాడటం మరీ క్రూరమని 1899లో హేగ్ నగరంలో దేశాలు కూడి యుద్ధంలో వాటిని నిషేధించినవి. యుద్ధంలో కూడదన్న అదే గుండు జంతువు విషయంలో దయగలది. గాయంతో కుళ్ళి చావడం కంటే క్షణంలో చావడం మేలు గదా.

ఇక్కడ ముందు చెప్పిన బరువు లెక్క పనికి వస్తుంది. మెత్తని గుండ్లలో కూడా పలుచని తొడుగువి, దళసరి తొడుగువి ఉన్నవి. పలుచనిది తేలిక జంతువులో త్వరగా విచ్చుకొంటుంది. దానినే మనుబోతు భుజం మీద కొడితే, ఎముకకు తగిలి పైపైననే చిట్లిపోతుంది. దళసరిది మనుబోతులో లోతుకు దిగి విచ్చుకొంటుంది. అదే తేలిక జంతువుకు తగిలితే విచ్చుకొనే లోపలే అవతలికి పోతుంది. కాబట్టి బరువు జంతువుకు బరువు గుండు, దళసరి తొడుగు. తేలిక జంతువుకు తేలిక గుండు, పలుచని తొడుగు. ఇదే సూత్రం.

దీనికి అమెరికాలో ఒక నిదర్శనమున్నది. మన మనుబోతులను సుమారు నూరేండ్ల కిందట టెక్సాసు రాష్ట్రంలోని కింగ్ రాంచి అనే పెద్ద పశుక్షేత్రంలో వదిలారు. మన కృష్ణజింకలను కూడా ఆ రాష్ట్రంలోనే 1932లో వదిలారు. ఇప్పుడు దక్షిణ టెక్సాసులో మనుబోతులు వేలకు వేలున్నవి. పశువులకు జ్వరం తెచ్చే పిడుదులను ఇవి మోసుకొని తిరుగుతున్నవని అక్కడి వ్యవసాయ శాఖవారు వీటి సంఖ్య తగ్గించాలని చూస్తున్నారు. అక్కడి దుప్పికి వాడే తేలిక గుండుతో మనుబోతును కొడితే అది పడకుండా పోతుందని, బలమైన గుండే వాడాలని ఆ ప్రాంతపు వేటగాళ్ళు హెచ్చరిస్తారు. చర్మం దళసరి, గుండెకాయ ముందరి కాళ్ళ మధ్య బాగా కిందుగా ఉండటమే కారణం. అయితే ఒక మాట. అది వాళ్ళ దేశానికి బయటి నుంచి వచ్చిన జంతువు, అక్కడి చట్టం వేరు. టెక్సాసులో స్థిరపడిన మన తెలుగువాళ్ళు సెలవులకు వచ్చి అక్కడి వేట కబుర్లు చెబితే వినండి గాని, అవి ఇక్కడ చెల్లవని గుర్తుంచుకోండి.

తూటా సరియైనదైతే చాలదు, తగలవలసిన చోట తగలాలి. జంతువు అడ్డంగా నిలబడి ఉన్నప్పుడు, ముందరి కాలి వెంబడి పైకి చూపు పోనిచ్చి, రొమ్ము కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తున గురి పెట్టాలి. గుండె, ఊపిరితిత్తులు అక్కడ ఉంటవి. పరుగెత్తే జంతువును, ఎదురుగా వచ్చే దానిని, తోక చూపి పోయే దానిని కొట్టకూడదు. ఎంత దూరం నుంచి కొట్టవచ్చునన్న దానికి సులువైన కొలత ఉన్నది. అనుమతి గల ఫైరింగు రేంజిలో, ఆపరేషనులో వాడబోయే తూటాలతోనే, ఆనుడు పెట్టుకొని ఐదు దెబ్బలు కొట్టి చూడాలి. ఆ ఐదూ అన్నం తినే పళ్ళెమంత చుట్టులో పడినంత దూరమే మనుబోతుకు మీ దూరం. దుప్పి వంటి దానికైతే చెంబు మూతంత చుట్టు. అంతకు మించిన దూరంలో తుపాకి ఎత్తకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. తగలని గుండు ఎక్కడికి పోతుంది? పాయింటు 22 గుండు సహితం కిలోమీటరు దాటి పోయి మనిషి ప్రాణం తీయగలదు. పెద్ద రైఫిలు గుండు కొన్ని కిలోమీటర్లు పోతుంది. మన మైదానపు ఊళ్ళు రెండు మూడు కిలోమీటర్లకొకటి ఉన్నవి. మధ్యలో మోటారు కొట్టాలు, గొర్రెల మందలు, రాత్రి నీళ్ళు పెట్టే రైతులు. కాబట్టి జంతువు వెనుక మట్టిగట్టో, చెరువు కట్టో, దిబ్బో ఉంటేనే కాల్చాలి. గట్టు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడిన జంతువును ఎట్టి పరిస్థితిలోనూ కాల్చకూడదు. రాతి నేల మీద, నీటి మీద తగిలిన గుండు ఎగిరి వేరే దిక్కుకు పోతుందని కూడా మరువకండి.

ఇక్కడ తుపాకి లేని రైతుకు కూడా పని ఉన్నది. అనుమతి వచ్చిన రాత్రికి ముందే ఊళ్ళో దండోరా వేయించండి. ఆ రాత్రి ఎవరూ ఆ దిక్కు పొలాలకు పోరాదని చెప్పించండి. పశువులను కొట్టంలో కట్టేయండి. బావులు, గుడిసెలు, కాలిబాటలు ఎక్కడెక్కడ ఉన్నవో తుపాకీదారుకు పగలే దగ్గరుండి చూపండి. పక్క ఊరి వాళ్ళకు కూడా కబురు పంపండి.

తూటాలు కొనేటప్పుడు, దాచేటప్పుడు కొన్ని జాగ్రత్తలు చెబుతాను. తుపాకి గొట్టం మీద కొట్టిన బోరు ముద్ర, తూటా అడుగున ఉన్న ముద్ర ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. పన్నెండు బోరు, ఇరవై బోరు తూటాలు ఒకే సంచిలో ఎప్పుడూ ఉంచకూడదు. ఇరవై బోరు తూటాను పొరపాటున పన్నెండు బోరులో పెడితే లోపలికి జారి గొట్టంలో ఇరుక్కొంటుంది. తుపాకి ఖాళీగా ఉన్నదనుకొని వెనుక ఇంకొక తూటా పెట్టి పేల్చితే గొట్టం పగిలి చేతులు పోతవి. ఈ ప్రమాదం తప్పించడానికే ఇరవై బోరు తూటాలను పసుపు రంగులో చేసే అలవాటు వచ్చింది. తడిసినవి, చిలుము పట్టినవి, టోపీ మీద నొక్కు పడినవి వాడకండి. తూటాలకు నూనె రాయకండి. ఎండలో, పొయ్యి దగ్గర పెట్టకండి. తుపాకి ఒకచోట, తూటాలు మరొకచోట తాళం వేసి ఉంచండి. లైసెన్సులో రాసిన సంఖ్యకు మించి తూటాలు దగ్గర ఉంచుకొనరాదు. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించి, ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండరాదన్నారు. వేరొకరి తుపాకి అరువు తెచ్చుకొని కాల్చడం కూడా నేరమే.

సీసం గురించి కూడా ఒక మాట. మెత్తని మొన గుండు విచ్చుకొన్నప్పుడు సన్నని సీసపు తునకలు గాయానికి జానెడు దూరం దాకా చిమ్ముతవి. కంటికి కనబడవు. ఆ కళేబరాన్ని పొలంలో వదిలేస్తే కుక్కలు, గద్దలు, రాబందులు తింటవి. సీసం వాటికి విషం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి జంతువులను వేటాడటానికి సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించారు. బదులుగా రాగి గుండ్లు వాడుతున్నారు. మన ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందులు గూళ్ళు పెట్టుకొని కనబడినవి. అలాంటి పక్షి మళ్ళీ మన దగ్గర మిగిలి ఉన్నదంటే అది మన భాగ్యం. కాబట్టి కొట్టిన జంతువును అటవీ సిబ్బంది చెప్పిన ప్రకారం లోతుగా పాతిపెట్టించాలి. చట్టం ప్రకారం ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. కూర వండుకోవడానికి వీలులేదు.

గాయపడి పారిపోయిన జంతువును వదిలేయకూడదు. తగిలిన చోట నెత్తురు చూడండి. నురగతో ఎర్రగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్లు, అది దూరం పోదు. పచ్చని పేడరసం కలిసి ఉంటే పొట్టకు తగిలినట్లు. అలాంటి దానిని వెంటనే తరిమితే మరింత దూరం పోతుంది. కొన్ని గంటలు ఆగి, అటవీ సిబ్బందితో కలిసి జాడ పట్టి వెదకి, దాని బాధ తీర్చాలి. ఆ బాధ్యత తుపాకి పేల్చినవానిదే.

ఇంతవరకు విని, "మా మీద పడేది కృష్ణజింకే గదా, మా గతి ఏమిటి?" అని కర్నూలు, నారాయణపేట జిల్లాల రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడులో 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టారు. అక్కడ కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలు తినడంతో రైతులకు అభయారణ్యం మీదనే మనసు విరిగింది. రైతు నష్టాన్ని పట్టించుకోకుండా జంతువును కాపాడటం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తున్నది. కృష్ణజింకకు తూటా దారి మూసి ఉన్నది. కాని మిగిలిన దారులు ఉన్నవి.

మొదటిది, నష్టపరిహారం. పంట పోయిన దినముననే ఫోటో తీయండి, కాలిగుర్తులు, పెంటికలు కూడా పడేటట్లు తీయండి. చేను దున్నేయక ముందే అటవీ శాఖ వారికి దరఖాస్తు ఇచ్చి, వ్యవసాయాధికారి చేత నష్టం రాయించుకోండి. చాలామంది కోపంతో చేను దున్నేసి తరువాత వస్తారు. అప్పుడు మేము చూడటానికి ఏమీ మిగలదు. రెండవది, సౌరశక్తి కంచె. దీనిలో సెకనుకొకసారి రెప్పపాటు కంటే తక్కువ సేపు షాకు కొడుతుంది. జంతువు బెదురుతుంది గాని చావదు. కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగడం మాత్రం హత్యతో సమానం. దానివల్ల ప్రతి ఏటా మనుషులు పోతున్నారు. తెల్లవారి ఆ తీగకు చిక్కేది మీ పొరుగువాడో, మీ కొడుకో కావచ్చు.

మూడవది, ఉమ్మడి కాపలా. మొలక దశలో మూడు నాలుగు వారాలే గండం. ఆ వారాలు పదిమంది రైతులు వంతులు వేసుకొని మంచెల మీద ఉంటే ఒక్కొక్కరికి వారంలో ఒక రాత్రి కూడా పడదు. అందరూ ఒకే అదనులో విత్తితే మంద ఒకే చేను మీద పడదు. నాలుగవది, చేను అంచున ముళ్ళ కుసుమ నాలుగు వరుసలు వేయడం. అడవి పందుల కోసం రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతి మీద పని చేశారు. కుసుమ గింజ అమ్ముడు కూడా పోతుంది. ఐదవది, ప్రభుత్వం చేయవలసినది. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని షాజాపూరు జిల్లాలో హెలికాప్టరుతో కృష్ణజింకల మందలను గరాటు వంటి కంచెలోకి తోలి, చంపకుండా పట్టి, అడవులకు తరలించారు. దక్షిణాఫ్రికాలో వాడే పద్ధతి అది. అటువంటిది మనకూ కావాలని గ్రామసభలో తీర్మానం చేసి పంపండి. ఒక్క రైతు అర్జీ కంటే పది ఊళ్ళ తీర్మానానికి బరువు ఎక్కువ.

విస్తరణ సిబ్బందికి కూడా ఒక మనవి. రైతు తూటా సంగతి అడిగినప్పుడు "అది మా శాఖ కాదు" అని తప్పుకోకండి. అతడు అడుగుతున్నది పంట సంగతి. వెంట ఉండి దరఖాస్తు రాయించండి. మీరు తప్పుకొంటే ఆ ప్రశ్నకు జవాబు నాటు తుపాకివాడో, కరెంటు తీగవాడో చెబుతాడు.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. రైతు పొలంలో గింజ మీద రైతుకు హక్కున్నది, వాటికి బ్రతికే హక్కున్నది. ఆ రెండింటికీ తగాదా వచ్చినచోట ముందు కంచె, తరువాత కాపలా, తరువాత దరఖాస్తు. ఇవన్నీ అయి, చట్టం అనుమతించిన జంతువుకు చేతిలో ఉత్తరువు ఉన్నప్పుడు, దాని బరువుకు తగిన గుండు, వెనుక మట్టిగట్టు, స్థిరమైన చేయి. అప్పుడు ఒక్క తూటా చాలు.